క్యారియర్

చుక్కల పుస్తకంలో గుమ్మడికాయంత పెద్దగా ఉన్న ఏడు అంకె, తరగతి మొత్తంలో ఒక్క టీచరమ్మ మేనకోడలికే కనిపించడం లేదు.

మొదట టీచరమ్మ అది పరాచికమనుకుంది. నానమ్మ కళ్ళజోడు దాచేసి, నానమ్మతో పాటు తనూ ఇల్లంతా వెతికే రకం ఆ పిల్ల. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. ఆ పేరు బడికీ పాకింది.

"సరిగ్గా చూడవే పిడుగూ."

"చూస్తూనే ఉన్నాను టీచర్. చుక్కలున్నాయి. బోలెడు చుక్కలు. అంకె ఏదీ?"

వెనక బెంచీలు ఘొల్లుమన్నాయి. టీచరమ్మ కూడా నవ్వేసి పుస్తకం పక్క పిల్ల చేతికి ఇచ్చింది. కానీ ఆ నవ్వు ముఖం మీద ఎక్కువసేపు నిలబడలేదు. ఆ రోజు పాఠం వంశపారంపర్యంగా వచ్చే లోపాల గురించి. అందుకే ఆకుపచ్చ చుక్కల మధ్య ఎర్రచుక్కలతో అంకెలు వేసిన ఆ పుస్తకం తెచ్చింది. మగపిల్లల్లో ఎవడో ఒకడు దొరుకుతాడు, పాఠం రక్తికడుతుంది అనుకుంది. మగపిల్లలందరూ ఏడు, ఏడు అని గడగడా చదివేశారు. దొరికింది తన ఇంటి పిల్ల.

బడి వదిలాక పిడుగుని ప్రయోగశాలలోకి పిలిచి ఊలు ముక్కలు బల్ల మీద పోసింది.

"ఒక రంగువన్నీ ఒక చోట పెట్టు."

పిల్ల చకచకా రెండు కుప్పలు చేసేసింది. ఇటుక ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు ఒకే కుప్పలో కాపురం పెట్టాయి.

"ముదురువి ఇటు, లేతవి అటు. అంతేగా అత్తా?"

ముదురు, లేత. ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంది టీచరమ్మకి. ఎక్కడో గుర్తు రాలేదు.

"మరి ఇన్నాళ్ళూ బొమ్మలకి రంగులెలా వేశావే?"

"పెన్సిల్ మీద పేరు రాసుంటుందిగా."

"నువ్వు వేసిన ఆకులన్నీ ఆకుపచ్చగానే ఉండేవి కదే!"

"ఆకుపచ్చ అని రాసున్న పెన్సిల్‌తో వేస్తే ఎర్రగా వస్తాయా ఏంటి?" అని పిడుగు సంచి భుజాన వేసుకుని చక్కా పోయింది. దానికి అదో కొత్త గొప్ప. తరగతిలో ఇంకెవరికీ లేనిది తనకుంది.

టీచరమ్మ ఊలు ముక్కలు ఏరుతూ తరగతి వైపు చూసింది. నల్లబల్ల మీద మధ్యాహ్నం గీసిన పటం అలాగే ఉంది. చదరాలు మగవాళ్ళు, సున్నాలు ఆడవాళ్ళు. లోపం ఉన్నవాళ్ళకి లోపల సుద్దతో నింపింది. మగపిల్లాడికి ఎక్స్ క్రోమోజోమ్ ఒకటే, అది తల్లి ఇచ్చేదే. అది చెడితే లోపం బయటపడుతుంది. ఆడపిల్లకి రెండు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది కాపు కాస్తుంది. లోపాన్ని మోస్తూ కూడా బయటపడని ఆ ఆడమనిషినే క్యారియర్ అంటారు. కింద తన చేతిరాతే, గుండ్రంగా, ముత్యాల్లా: 'కూతురికి లోపం కనబడాలంటే తల్లి క్యారియర్ అయినా అయి ఉండాలి, తండ్రికి లోపం ఉండి తీరాలి.'

ఉండి తీరాలి.

పిడుగు తండ్రి టీచరమ్మకి సొంత తమ్ముడు. రంగుల దుకాణంలో పని. ఊళ్ళో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, రంగుల మాస్టారు అంటారు. పాత గోడ నుంచి గోటితో పెచ్చు గీకి కాగితంలో చుట్టి తీసుకెళితే, అచ్చం ఆ రంగే కలిపి ఇస్తాడు. అతుకు ఎక్కడ వేశారో గోడకి కూడా తెలియదు. "మాస్టారి రెండు కళ్ళూ నా కొట్టుకి రెండు దీపాలు" అంటాడు షావుకారు.

తండ్రికి లోపం లేదు. కూతురికి ఉంది.

టీచరమ్మ తరగతిలోకి వెళ్ళి డస్టర్ తీసుకుని నల్లబల్లంతా తుడిచేసింది. బల్ల మీద పోయింది. బుర్రలోంచి పోలేదు.

*

ఇంటికి వచ్చి, ఎక్కడో పొరబడ్డానేమో అని పాత క్యాలెండర్ కాగితం తిరగేసి భోజనాల బల్ల మీద పటం మళ్ళీ గీసింది. ఈసారి సొంత కుటుంబం. తల్లి, తండ్రి, తను, తమ్ముడు, మరదలు, పిడుగు. పిడుగు సున్నాని పెన్సిల్‌తో నింపింది. తమ్ముడి చదరం తెల్లగా వెక్కిరిస్తోంది.

ఎదురుగా తల్లి బఠాణీలు ఒలుస్తోంది.

"ఏంటే ఆ డబ్బాలూ సున్నాలూ?"

"డబ్బాలు మగవాళ్ళు, సున్నాలు ఆడవాళ్ళు అమ్మా."

"బాగుంది. ఎక్కడికెళ్ళినా మనం సున్నాలమే."

టీచరమ్మలో ఒక బలహీనత ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే పాఠం మొత్తం చెప్పకుండా ఊపిరి తీసుకోలేదు. పిడుగుకి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదన్న సంగతి చెప్పింది. తల్లి పెద్దగా కంగారు పడలేదు. "కళ్ళు కనిపిస్తున్నాయా లేదా? చాల్లే" అంది. కానీ ఒక కాయ ఒలిచాక మళ్ళీ అడిగింది.

"ఇంతకీ ఎవరి నుంచి వచ్చినట్టు?"

"ఆడపిల్లకి రావాలంటే అమ్మ నుంచి ఒకటి రావాలి, నాన్న నుంచి ఒకటి రావాలి. అమ్మలో పైకి కనబడకపోవచ్చు. నాన్నకి మాత్రం ఉండాల్సిందే."

"మనవాడికి లేదుగా. వాడు రంగుల మాస్టారు."

"లేదు."

"మరి వాడికి లేకుండా దీనికెలా వచ్చింది?"

"రాదు! వచ్చే దారే లేదు!" అంది టీచరమ్మ, సరైన ప్రశ్న అడిగిన విద్యార్థిని మెచ్చుకుంటున్న గొంతుతో. అని, నాలుక కరుచుకుంది.

ఒక బఠాణీ బల్ల మీద దొర్లి, అంచు దాకా వచ్చి, కింద పడింది. తల్లి దాన్ని చూడలేదు. వంటింటి గుమ్మం వైపు చూస్తోంది. లోపల మరదలు ఏదో కూనిరాగం తీస్తూ మధ్యాహ్నం క్యారియర్ గిన్నెలు కడుగుతోంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. టీచరమ్మ తీసుకోవడానికి ప్రయత్నించింది పాపం.

"అమ్మా, దాని ముక్కు చూడు. అచ్చం నాన్నగారి ముక్కు."

"ముక్కులదేముంది. ఊరి నిండా ముక్కులే."

మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బఠాణీలు అయ్యాయా అత్తయ్యా? ఇవ్వండి, కూరలో వేసేస్తాను."

తల్లి గిన్నెని చేతికివ్వలేదు. వేలి కొసతో బల్ల మీద ముందుకి తోసింది.

"తీసుకోండి" అంది.

*

కోపం వస్తే కేకలు వేసే మనిషి టీచరమ్మ తల్లి. కేకలకి ఆ ఇంట్లో ఎవరూ భయపడరు. కేకలు లేకపోతేనే భయం. మర్నాటి నుంచి ఆవిడ కోడల్ని 'మీరు' అనడం మొదలుపెట్టింది. అంతకుముందు 'ఏమే', 'ఒసేయ్', మరీ ముద్దొస్తే 'మొద్దూ' అని పిలిచే కోడల్ని!

"మీరు కూర్చోండి. నేను వడ్డించుకుంటాను."

"మీకెందుకు శ్రమ."

రోజూ తల దువ్వించుకుని జడ వేయించుకునేది కోడలిచేతే. ఇప్పుడు తనే దువ్వుకుంటోంది. భుజం నొప్పితో చెయ్యి పైకి లేవక పాపిడి వంకర పోయింది. ఆ వంకర పాపిడితోనే వీధి అరుగు మీద కూర్చుంటోంది.

కోడలి వంట మీద మాత్రం కొత్తగా అనడానికేం లేదు. క్యారియర్ గొడవ ఆ ఇంట్లో పాతదే. ఇంట్లో తింటే వేళ్ళు నాక్కునేలా ఉండే వంట, దుకాణానికి వెళ్ళేసరికి ఏమవుతుందో ఏమో! రోజూ కారం ఎక్కువో, పచ్చిగా ఉందో. దుకాణంలో పనివాళ్ళు విన్నారు, షావుకారు విన్నాడు, షావుకారు ఓసారి స్వయంగా ఆవిడతో అన్నాడు: "మాస్టారు మంచివాడు కాబట్టి తింటున్నాడమ్మగారూ, ఇంకొకడైతే క్యారియర్ విసిరికొట్టును." ఇన్నేళ్ళూ ఆవిడ కోడల్ని ఆ విషయమై చెడామడా తిట్టేది, తిట్టి తనే నవ్వేది. ఇప్పుడా తిట్లు కూడా లేవు.

శుక్రవారం సాయంత్రం మేడ మీద వదినా మరదళ్ళు ఆరిన దుప్పట్లు మడుస్తున్నారు. చెరో అంచూ పట్టుకుని దులిపి, దగ్గరికొచ్చి, అంచులు కలిపి, మళ్ళీ దూరం జరుగుతున్నారు. మూడో దుప్పటి దగ్గర మరదలు ఆగింది.

"వదినా, అత్తయ్య నన్ను మీరు అంటున్నారు."

టీచరమ్మ దుప్పటి దులిపింది.

"తిడితే ఒకలా ఉండేది. మీరంటుంటే పరాయింట్లో ఉన్నట్టుంది. నేనేం చేశాను వదినా? మీకు తెలుసు. నా మొహం చూడకుండా దుప్పటి చూస్తున్నారు."

ఇక దాచలేకపోయింది టీచరమ్మ. ఊలు ముక్కల దగ్గర మొదలుపెట్టి, తను గీసిన పటం, తల్లి అడిగిన ప్రశ్న, తను చెప్పిన జవాబు, అన్నీ చెప్పేసింది. "నాకు నీ మీద గోరంత అనుమానం లేదే. కానీ పుస్తకం అలా చెబుతోంది" అంది చివర్లో. అన్నాక ఆ మాట ఎంత నీచంగా ఉందో తనకే వినిపించింది.

మరదలి చేతిలో దుప్పటి అంచు జారి నేల మీద పడింది. ఏడుస్తుందనుకుంది టీచరమ్మ. ఏడవలేదు. ముఖం పాలిపోయింది, అంతే. ఆ పాలిపోయిన ముఖంతో ఒక్కటే అడిగింది.

"ఆయనకి తెలుసా?"

"తెలీదు."

"చెప్పకండి వదినా. మీకు దణ్ణం పెడతాను, ఆయనకి మాత్రం తెలియనివ్వకండి."

నిప్పులాంటి మనిషి అడిగే మాటేనా అది? నిందపడ్డ ఆడది మొగుడి దగ్గరికి పరిగెత్తుకెళ్ళి చెప్పుకుంటుంది కానీ, మొగుడికి చెప్పొద్దంటుందా? మరదలు వంగి దుప్పటి తీసుకుంది. అంచులు కలిపింది. దుమ్ము కనబడకుండా ఆ వైపు లోపలికి మడిచింది. ఆ మడతలో ఏం దాస్తోందో టీచరమ్మకి అర్థం కాలేదు.

*

శనివారం బడి లేదు. టీచరమ్మ రెండు ఊలు ముక్కలు చేతిసంచిలో వేసుకుని దుకాణానికి బయల్దేరింది. ఒకటి ఇటుక ఎరుపు, రెండోది ఆకుపచ్చ. పిడుగు ఒకే కుప్పలో వేసినవి. తమ్ముణ్ణి పరీక్షించాలి. పరీక్షలో వాడు నెగ్గితే మరదలు ఓడినట్టే. పరీక్ష పెట్టే మనిషికి విద్యార్థి తప్పాలని కోరుకోవడం ఇదే మొదటిసారి.

తమ్ముడు డబ్బా మూత తీసి కర్రతో కలుపుతున్నాడు. అంకెలు వేసిన ముద్దరంగుల డబ్బాలు వెనక బారుగా ఉన్నాయి. చెంచాతో కొలిచి వేస్తాడు, కలుపుతాడు, అట్టముక్క మీద రాసి ఫ్యాన్ కింద ఆరబెడతాడు, గిరాకీ తెచ్చిన పెచ్చు పక్కన పెట్టి కళ్ళు చికిలించి చూస్తాడు.

"ఏంటక్కా, దారి తప్పావా?"

"నా సంచి పట్టీ చిరిగిందిరా. ఈ రెండిట్లో ఏ దారం కలుస్తుందో చూసిపెట్టు."

అతను రెండు ముక్కలూ తీసుకున్నాడు. వేళ్ళ మధ్య నలిపాడు. నవ్వాడు.

"రెండూ కాస్త ముదురే. మధ్యాహ్నం రా అక్కా, చెబుతాను. పొద్దుటి వెలుగు పచ్చి అబద్ధాలు చెబుతుంది."

ముదురు. ఎక్కడ విన్నానా అనుకున్న మాట ఇక్కడ దొరికింది. చిన్నప్పటి నుంచీ వీడికి ఉన్నవి రెండే రంగులు, ముదురూ లేతా. చొక్కా కొనాలంటే 'లేతది చూడు'. గోడకి వేయాలంటే 'కాస్త ముదురు కొట్టిద్దాం'. అందరూ అది పనితనమనుకున్నారు.

గిరాకీలకి కూడా అదే మాట చెప్పి పంపిస్తున్నాడు. "మధ్యాహ్నం రండి. పెచ్చు ఇక్కడ పెట్టి వెళ్ళండి." ఊరంతా ఆ నియమాన్ని గౌరవిస్తుంది. గొప్ప వైద్యుడు పరగడుపున రమ్మన్నట్టు, రంగుల మాస్టారు మధ్యాహ్నం రమ్మంటాడు.

మధ్యాహ్నమైతే ఏం మారుతుంది? వెలుగు మారుతుంది. ఇంకా? ఇంకేం మారుతుంది?

క్యారియర్ వస్తుంది.

టీచరమ్మ వెళ్ళొస్తానని చెప్పి, వీధి చివర పుస్తకాల కొట్లో అవసరం లేని అట్టలు బేరం చేస్తూ నిలబడింది. మరదలు క్యారియర్ పట్టుకుని దుకాణంలోకి వెళ్ళడం చూశాక, సందులోంచి చుట్టి వెళ్ళి వెనక తలుపు తోసింది. డబ్బాల వరసల అవతల చిన్న బల్ల దగ్గర తమ్ముడూ మరదలూ ఉన్నారు. టీచరమ్మ ఒక పెద్ద పీపా వెనక నక్కింది. ఇంత వయసొచ్చాక, ఇంత చదువు చదివాక, ఈ పీపా వెనక తనేం చేస్తోందో తలుచుకుంటే సిగ్గేసింది. అయినా కదల్లేదు.

తమ్ముడు పొద్దున్నుంచి పోగైన పెచ్చులూ, తను రంగు రాసిన అట్టముక్కలూ జేబులోంచి తీసి బల్ల మీద జతలు జతలుగా పెట్టాడు. మరదలు ఒక జత తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. మెడ కాస్త వంచి చూసింది.

"పచ్చిగా ఉంది" అంది.

"చాలా?"

"కొంచెమే. కారం అర చెంచా పడితే సరిపోతుంది."

"ఛ! ఈ రోజూ పచ్చేనా!" అన్నాడు తమ్ముడు ముందు గదిలోకి వినబడేలా.

ముందు గదిలోంచి పనివాడి నిట్టూర్పు వినిపించింది. "అయ్యో మాస్టారూ! మా ఇంటి నుంచి తెమ్మంటారా?"

"వద్దులేవోయ్, అలవాటైపోయింది."

టీచరమ్మ చూపు క్యారియర్ మీద ఉంది. బల్ల చివర ఎలా పెట్టిందో అలాగే ఉంది. కొక్కెం తీయలేదు. మూత కదల్లేదు. మూత తీయని గిన్నెలో కూర పచ్చిగా ఉందని ఎలా తెలిసింది?

మరదలు రెండో జత చూస్తోంది. "ఇందులో కారం ఎక్కువైంది. చెంచాడు తగ్గించాలి. మూడోది అమృతం, ముట్టుకోకండి." తర్వాత సంచి పట్టీ కోసం తెచ్చిన ఊలు ముక్కలు తీసింది. "ఇవెవరివి?"

"అక్కవి. ఏది ఏదోయ్?"

మరదలు ఎర్రముక్కా పచ్చముక్కా అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి డబ్బాల వైపు చూసింది. పీపా పక్కన టీచరమ్మ చెప్పు కొస కనబడుతోంది.

"మీరు తినండి" అంది మొగుడితో. "నేను మంచినీళ్ళు పట్టుకొస్తాను."

వెనక సందులో ఇద్దరూ ఎదురుబొదురుగా నిలబడ్డారు.

"ఎప్పటి నుంచే?"

"కాపురానికొచ్చిన వారానికే కనిపెట్టాను వదినా. మా నాన్న కూడా అంతే. తోటపని చేసేవాడు, పండుకీ కాయకీ తేడా తెలిసేది కాదు. చిన్నప్పుడు బుట్ట పట్టుకుని ఆయన పక్కనే నడుస్తూ 'ఇది కొయ్యి, ఇది వద్దు' అని చెప్పేదాన్ని. అందుకని ఈయన సంగతి నాకు కొత్తగా అనిపించలేదు. పుట్టింట్లో చేసిన పనే ఇక్కడా చేస్తున్నాను."

టీచరమ్మ బుర్రలో పటం తనంతట తనే గీసుకుపోతోంది. మరదలి తండ్రి చదరం నిండింది. అంటే మరదలు క్యారియర్. తమ్ముడి చదరం నిండింది. పిడుగు సున్నా నిండింది. తమ్ముడికి ఎక్స్ ఇచ్చింది అమ్మ. అంటే అమ్మా క్యారియరే. అమ్మ తరఫున ఎవరైనా... మామయ్య! ఒక కాలికి ఎర్ర మేజోడు, ఒక కాలికి పచ్చ మేజోడు వేసుకుని ఉద్యోగానికి వెళ్ళి, మతిమరుపు మామయ్య అని పేరు తెచ్చుకున్న అమ్మ తమ్ముడు! ఇల్లంతా ఎంత నవ్వుకుంది!

"ఒక్క ముక్క చెబితే నీ మీద నింద పోతుందిగా మొద్దూ!"

"ఆ ముక్కతో ఆయన పేరు పోతుంది. రేపు షావుకారు గారు భోజనానికొస్తున్నారు, కొత్త దుకాణం ఈయన చేతిలో పెడతారట. రంగులు తెలియని రంగుల మాస్టారని ఊరంతా నవ్వదూ? నాకేం వదినా, నేనేంటో నాకు తెలుసు."

"పోనీ అమ్మ ఒక్కదానికీ చెబుదాం."

మరదలు అలా చూసింది. టీచరమ్మ తల దించుకుంది. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

*

ఆదివారం మధ్యాహ్నం షావుకారు వచ్చాడు. బెదురుతూనే కూర్చున్నాడు బల్ల దగ్గర. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూశాడు. తర్వాత కళ్ళు పెద్దవి చేశాడు.

"అమ్మాయ్, ఇది నువ్వే వండావా?"

"అవునండీ."

"నేను ఇంట్లో కాస్త తినే వచ్చానమ్మా, భయపడి! మరి క్యారియర్లో ఏమొస్తుంది నీకు?"

తమ్ముడు దగ్గాడు. టీచరమ్మ మంచినీళ్ళ గ్లాసు అందించింది. తల్లి వంకర పాపిడితో బల్ల చివర కూర్చుని, "వారికి ఇంకాస్త వడ్డించండి" అంది కోడలితో. షావుకారు ఆ 'అండి'కి ఒకసారి తలెత్తి చూశాడు.

"మాస్టారూ, మాట ఒకటే. కొత్త కొట్టు నీది. నాకు లెక్కలొచ్చినవాళ్ళు దొరుకుతారు, కళ్ళున్నవాళ్ళు దొరకరు."

పిడుగు అప్పుడే గదిలోంచి వచ్చింది. చెవి మీద పెన్సిల్, చేతిలో క్యాలెండర్ కాగితం. కాగితాన్ని కూర గిన్నె పక్కన పరిచింది. గొంతు ఎప్పటిలా కొంటెగా పెట్టాలని చూసింది కానీ కుదర్లేదు.

"అత్తా, ఇందులో తప్పుంది. మా నాన్న డబ్బా ఖాళీగా ఉంటే నా సున్నా నిండకూడదు. పరీక్షలో ఇలా రాస్తే మీరు మార్కులు కోసేస్తారు."

"లోపలికెళ్ళవే" అంది టీచరమ్మ.

"వెళ్ళను. నానమ్మ అమ్మని మీరు అని ఎందుకంటోందో నాకు తెలిసిపోయింది. పాఠం నాకూ చెప్పారుగా." తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నేను నీ కూతుర్నేనా?"

తమ్ముడు నవ్వాడు, పిడుగు వేసే వంద వేషాల్లో ఇదొకటనుకుని. నవ్వుతూనే చుట్టూ చూశాడు. అక్క తల దించుకుంది. తల్లి బల్ల అంచు గోటితో గీకుతోంది. భార్య గరిటె పట్టుకుని గోడకి ఆనుకుంది. అతని నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి ఈ అనుమానం?" అని అడిగాడు భార్యని.

"ఏమండీ, వద్దు" అంది ఆమె. "భోజనం కానివ్వండి. వద్దు."

"నీకు తెలిసే ఊరుకున్నావా?"

ఆమె గరిటె గిన్నెలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది.

అతను ఎడమచేత్తో కూతురి చెవి మీద పెన్సిల్ తీసుకున్నాడు. తెల్లగా ఉన్న తన చదరాన్ని వెతుక్కుని, మూల నుంచి మూలకి, ఒక్క సందు కూడా మిగల్చకుండా, గోడకి వేసినంత శ్రద్ధగా నింపాడు. కాగితం కూతురి ముందుకి జరిపాడు.

"ఇప్పుడు మార్కులు వేయించుకో. నువ్వు నా కూతురివే. కావాలని చూసినా ఇంకెవరికీ కాలేవు."

తల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అంటే... నీకూనా? నీకెక్కణ్ణుంచి వచ్చిందిరా?"

"మగపిల్లాడికి తల్లి నుంచే వస్తుందమ్మా" అంది టీచరమ్మ, ఈసారి చాలా మెల్లగా. "మామయ్య మేజోళ్ళు గుర్తున్నాయా? అది మతిమరుపు కాదు. నువ్వు క్యారియర్‌వి అమ్మా."

"నేను క్యారియర్‌నేంటే? నేనేమైనా గిన్నెల బొత్తినా?" అంది ఆవిడ అలవాటు కొద్దీ. అని, చెయ్యి తలకి పెట్టుకుని, వంకర పాపిడి తడుముకుంది. కోడలి వైపు చూడబోయి చూడలేకపోయింది. "ఏమే మొద్దూ..." అంది గోడకేసి.

షావుకారు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఆగండాగండి. నాకేం అర్థం కావడంలేదు. మాస్టారికి రంగులు తెలియకపోతే, ఇన్నేళ్ళూ నా కొట్లో రంగులు చూసిందెవరు?"

తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఎంగిలిచేత్తోనే, బడిలో తప్పుచేసిన పిల్లాడిలా.

"ముందు మీకే చెబుతాను షావుకారు గారూ. కొట్టు ఇస్తారో, ఉన్న పని కూడా తీసేస్తారో మీ ఇష్టం. నాకు ఎరుపు తెలీదు, ఆకుపచ్చ తెలీదు. రెండూ నాకు ఒకటే బురద. ముదురూ లేతా మాత్రం వెంట్రుకవాసి తేడా రాకుండా చెప్పగలను, అది నా పనే. మిగతాది నాది కాదు. డబ్బాలు మోసే రోజుల్లో ఒకాయన పెచ్చు తెచ్చాడు, ఎవరికీ కలవలేదు. మా ఆవిడ అన్నం తెచ్చి పక్కన నిలబడి, ఏం కలపాలో నా చెవిలో చెప్పింది. మీరొచ్చి నా భుజం తట్టారు. ఆ తట్టిన చెయ్యి తియ్యగా ఉంది. అప్పుడు నోరు తెరిచి ఉండాల్సింది, తెరవలేదు. ఆ తర్వాత మీరు మాస్టారన్నారు, ఊరు మాస్టారంది, తెరిచే ధైర్యం పోయింది. నలుగురిలో రంగుల మాట ఎత్తకూడదు కాబట్టి, ఎరుపుకి కారమని, ఆకుపచ్చకి పచ్చి అని పేర్లు పెట్టుకున్నాం. కొట్టంతా జాలిపడుతుంటే పడనిచ్చాను. నువ్వు దాన్ని తిడుతుంటే నవ్వుతూ విన్నానమ్మా. వంటరాని మొద్దని పడింది, ఇప్పుడు అంతకంటే పెద్దమాట కూడా పడింది, నా పేరు కోసం. నింద ఎవరి మీదైనా వేయాలంటే నా మీద వేయండి. ఇన్నేళ్ళలో అది తెచ్చిన కూర ఒక్కనాడూ పచ్చిగా లేదు. పచ్చిది నేను చెప్పిన అబద్ధమేనమ్మా."